జంతుప్రదర్శనశాల – మన యింటి తెలుగు

వేసవి సెలవులు రాగానే తిరువాలంగాడు, తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతములందలి తెలుగు కుటుంబములలో ఒక యోచన తప్పక పుట్టును. పిల్లలకు జంతుప్రదర్శనశాల చూపవలెను. వెంటనే పెద్దలు కూడి కూర్చుందురు. బండి ఎవరు మాటలాడవలెను, అందులో ఎందరు పట్టుదురు, పులిహోర ఎవరింట, పెరుగన్నము ఎవరింట, వండలూరులో మంగళవారము సెలవు గనుక ఏ దినమున బయలుదేరవలెను అని తూచి తూచి నిర్ణయింతురు. ఇంత ముందుచూపు గల యోచనలో ఒక్క ప్రశ్న మాత్రము ఎవరి నోటను రాదు. అక్కడ చూచిన మృగమును మన పిల్లవాడు ఏ పేరుతో పిలుచును?

ఈ ప్రశ్న చిన్నదని త్రోసివేయువారిని ఉద్దేశించియే ఈ వ్యాసము. జంతుశాలకు పోవు పయనము సరిహద్దు తెలుగువారి యింట భాషకు జరుగు పరీక్ష. బడిలో జరుగు పరీక్షకు పుస్తకమున్నది, ఉపాధ్యాయుడున్నాడు. ఈ పరీక్షకు పుస్తకము అవ్వ, ఉపాధ్యాయులు తల్లిదండ్రులు. పుస్తకమును ఇంట వదలి, ఉపాధ్యాయులు నోరు మెదపక, పిల్లవానికి తెలుగు రాలేదని సభలలో వాపోవుట న్యాయము కాదు.

జంతుశాల చదువుల చోటని మన పూర్వులకు తెలియును. చెన్నపట్టణములో ఎగ్మూరు వస్తుప్రదర్శనశాలకు అధికారిగా నుండిన ఎడ్వర్డ్ బాల్ఫర్ అను వైద్యుడు 1855లో అక్కడనే సజీవ జంతువులను చేర్చి చూపసాగెను. మరుసటి ఏటికి అవి మూడువందలు మించినవి. పిమ్మట ఆ జంతుశాల పురపాలకుల వశమై, సెంట్రల్ స్టేషను చెంతనున్న పీపుల్స్ పార్కునకు మారినది. ఆ రెండు చోట్లకును పట్టణపు సామాన్య జనులు తమిళములో చక్కని పేర్లు పెట్టుకొనిరి. వస్తుప్రదర్శనశాల ‘సెత్త కాలేజి’. జంతుశాల ‘ఉయిర్ కాలేజి’. అనగా ఒకటి చచ్చినవాటి కళాశాల, రెండవది ప్రాణమున్నవాటి కళాశాల. అక్షరము రాని కూలివాడు సైతము దానిని కాలేజి అనినాడు గాని నాటకశాల అనలేదు. అరక్కోణపు దారిలో తిరువాలంగాడునుండి రైలులో వచ్చి సెంట్రల్‌లో దిగినవారికి ఆ కళాశాల నడక దూరము. ఈనాడు మన లోకల్ రైళ్లు ఆగు మూర్ మార్కెట్ ప్రాంగణము సరిగా ఆ పరిసరమే. 1985లో మూర్ మార్కెట్ అగ్నికి ఆహుతియైనది. ఆ సంవత్సరమే జూలై 24వ తేదీన వండలూరు అడవిలో అరిజ్ఞర్ అణ్ణా జంతుశాలను ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్ ప్రారంభించెను. కళాశాల పట్టణము దాటి అడవికి పోయినది. మనము మాత్రము దానిని కళాశాలగా చూచుట మానినాము.

మరియొక సంగతి తెలుగువారు తప్పక జ్ఞప్తియందుంచుకొనవలసినది కలదు. బాల్ఫర్ బోనులు కట్టుటకు రెండేండ్లు ముందే, 1853లో, అదే చెన్నపట్టణమున పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను వెలువరించెను. పింగళకుడను సింహమును, సంజీవకుడను వృషభమును, కరటక దమనకులను నక్కలును, చిత్రగ్రీవుడను కపోతరాజును, మంథరుడను తాబేలును ఆ గ్రంథముతో తెలుగు పిల్లలకు చుట్టములైరి. తరతరములుగా బడిపిల్లలు ఆ పుస్తకమున తెలుగు దిద్దుకొనిరి. ఒకే పట్టణమున, రెండేండ్ల యెడమున, ఒకరు జంతువులను మాటలలో నిలిపిరి, ఒకరు కమ్ముల వెనుక నిలిపిరి. తెలుగు పిల్లవానికి ఈ రెండును కలిసినప్పుడే చూపు పూర్తియగును. నక్కను చూచి దమనకుడు తలపునకు రానివానికి ఆ నక్క ఊరకుక్కకంటె కొంచెము బెదురు గల జంతువు మాత్రమే.

ఇప్పుడు మన పయనములు ఎట్లు జరుగుచున్నవో చూడుడు. బండి దిగుట, టిక్కెట్లు కొనుట, కరడి ఎక్కడ, ఒట్టగచ్చివింగి ఎక్కడ అని పరుగెత్తుట, చేతిఫోనును ఎత్తిపట్టి నాలుగు బొమ్మలు తీయుట, చెట్టుక్రింద అన్నములు తినుట, తిరుగుదారిలో నిద్రించుట. ఇంటికి చేరిన పిల్లవానిని అడుగుడు. కరడి చూచినానని చెప్పును. ఎలుగుబంటి అనిన తెల్లబోవును. మయిల్ ఆడినదని సంతోషించును. నెమలి అనిన అది మరియొక పక్షి అనుకొనును. దుమ్ములగొండి, రేచుకుక్క, మనుబోతు, కణితి, అలుగు, పునుగుపిల్లి, దేవాంగపిల్లి అను పేర్లు వానికే కాదు, వాని తండ్రికిని కొత్తవే. రోజంతయు తిరిగి, వేలు ఖర్చుపెట్టి, ఒక్క తెలుగు మాటయైనను ఇంటికి తేలేకపోయితిమి. ఇదియే నేను చెప్పు నష్టము.

‘ఇంట తెలుగే మాటలాడుచున్నాముగదా, నాలుగు జంతువుల పేర్లు పోయిన భాష పోవునా?’ అని కొందరందురు. భాష పోవు తీరు వారు ఎరుగరు. ఉప్పు, పప్పు, నీళ్లు, చీపురు అను మాటలు దినమునకు పదిమారులు నోట నలుగును గనుక అవి తుదివరకు నిలుచును. అడవి మృగముల పేర్లు అట్టివి కావు. అడవి పోయినది, మృగము పోయినది. పేరు మాత్రము అవ్వ చెప్పు కథలోను, తాత వాడు సామెతలోను తలదాచుకొన్నది. కథ ఆగిన మరునాడు పేరు మాయమగును. కావున భాషకు మొదట చెద పట్టునది ఇక్కడనే. ఇక్కడ పట్టిన చెద సామెతకు ప్రాకును. పులిని చూచి నక్క వాతలు పెట్టుకొన్నదని పెద్దలనిన, నక్క అననేమో తెలియని పిల్లవానికి అందులో నవ్వవలసినది ఏమున్నది? ఉడుమును ఎరుగనివానికి ఉడుంపట్టు ఎట్లర్థమగును? మకరి యనగా మొసలియని తెలియనివానికి గజేంద్రమోక్షము వట్టి ధ్వనిగా మిగులును.

మన ఊరినే తీసికొనుడు. తిరువాలంగాడు పేరే అడవి. ఆలమనగా మఱ్ఱి, కాడనగా అడవి. ఇక్కడి స్వామి వటారణ్యేశ్వరుడు. కాళితో పోటీపడి నటరాజు తాండవమాడిన రత్నసభ ఇది. కారైక్కాల్ అమ్మయారు పాడిన ఈ ఊరి శ్మశానమున నక్కలును గుడ్లగూబలును కలవు. 1905లో ఇక్కడ దొరికిన రాజేంద్రచోళుని తామ్రశాసనముల ముద్రపై పులి కూర్చుండియున్నది. ఊరి పేరున అడవి, కథలో మృగము, ముద్రపై పులి. ఇట్టి ఊరి బిడ్డ పులిని చూచుటకు టిక్కెట్టు కొని పోవలసివచ్చినది. పోనిండు, కాలధర్మము. అక్కడికి పోయియు దాని పేరు తన నోట పలుకలేకపోవుట కాలధర్మము కాదు, మన ఉపేక్ష.

ఇచట ఒక అపార్థమును ముందే తొలగింపవలెను. ఇది తమిళముపై ఫిర్యాదు కాదు. తమిళము మనము పుట్టి పెరిగిన నేల భాష, ఇరుగుపొరుగుల భాష, మన పిల్లల బడి భాష. అది వారికి బాగుగా రావలెను. రెండు భాషలు తెలిసిన పిల్లవాడు బోను ముందు నిలిచిన, ఒక భాష మాత్రమే ఎరిగినవానికంటె రెట్టింపు చూడగలడు. తమిళుల ఉడుంబు మన ఉడుము. వారి పాంబు మన పాము. వారి ముదలై మన మొసలి. పులి ఇరువురికిని పులియే. అక్కచెల్లెండ్ర పోలిక ఇక్కడ కన్నులకు కట్టును. మరికొన్ని చోట్ల దారులు చీలినవి. దుమ్ములగొండిని వారు గాడిదపులి అను అర్థము వచ్చునట్లు కళుదైప్పులి అనిరి. మనము నీటిగుర్రమనుదానిని వారు నీటియేనుగనిరి. ఒకే మృగమును ఒకరు గుర్రముగా, ఒకరు ఏనుగుగా ఎందుకు తలచిరని పిల్లవాడు ప్రశ్నించినచో, ఆ ఒక్క ప్రశ్నకే పయనపు ఖర్చు దక్కినట్లు. ఒక పేరు నేర్చుటకై రెండవ పేరును చంపనక్కరలేదు. చంపుచున్నది తమిళము కాదు, మన సోమరితనము.

‘అట్లయిన వండలూరెందుకు? తిరుపతికి పోదము. అక్కడ పలకలపై తెలుగున్నది’ అని మరికొందరు పరిష్కారము చెప్పుదురు. తిరుత్తణివారికి ఈ సదుపాయము నిజముగా కలదు. అరక్కోణము, రేణిగుంట రైలుదారి మన వాకిటనే పోవుచున్నది. శేషాచలపు పాదముల చెంత 1987 సెప్టెంబరు 29న తెరువబడిన శ్రీ వేంకటేశ్వర జంతుశాల అయిదువేల అయిదువందల ఎకరములకు పైబడిన విశాల వనము. పురాణేతిహాసములందు పేర్కొనబడిన జంతువులను చూపవలెనను తలంపుతో దానిని నెలకొల్పిరి. తప్పక పోవలసిన చోటు. కాని ఒక్క మాట. పలకపై తెలుగున్నంత మాత్రమున చాలునా? అక్షరము రాని పిల్లవానికి తిరుపతి పలకయు వండలూరు పలకయు ఒక్కటే. వాడు చదువజాలనప్పుడు తెలుగు పలక వానికి రంగువేసిన రేకు. చదువగలిగినవాడు, పేర్లు ముందే విన్నవాడు, వండలూరులో ఏ పలకయు లేకున్నను తన తెలుగును తనవెంట తీసికొనిపోవును. కావున పోవలసిన ఊరు రెండవ ప్రశ్న. ఇంటిలో జరుగవలసిన సన్నాహము మొదటి ప్రశ్న.

మన సంఘములకును ఒక మాట చెప్పక తప్పదు. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి చెన్నరాష్ట్రమునకు మారినది. ఆరు దశాబ్దములు దాటినవి. నాటినుండి నేటివరకు మనము విన్నపములు వ్రాయుచునే యున్నాము. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించు సదుపాయమును గూర్చి రాజ్యాంగమున 350ఎ అధికరణము 1956లో చేరినది. దానిని చూపి అడుగుట మన హక్కు. 2006 నాటి చట్టము ఒకటవ తరగతి మొదలుకొని ఏటికొక తరగతి చొప్పున తమిళమును నిర్బంధము చేసిన పిమ్మట మన పిల్లల తెలుగు చదువు చిక్కులలో పడినదనుటయు సత్యమే. విన్నపములు వ్రాయుడు, వలదనువాడెవడు? అయితే ఎలుగుబంటి అని పిల్లవానికి చెప్పుటకు ఏ ప్రభుత్వపు ఉత్తరువు కావలెను? దానిని ఏ చట్టము అడ్డుచున్నది? ప్రభుత్వము చేయవలసిన పనికై దండోరా వేయుచు, ఇంట చేయవలసిన పనిని మూలబెట్టుట పౌరుషము కాదు. జంతుశాలలో తెలుగు పలక కావలెనని తీర్మానించు సభలోని పెద్దలను, అలుగుకును ఏదుపందికిని భేదమేమని అడిగిచూడుడు. ఎందరు చెప్పగలరో వారికే తెలియును.

‘పిల్లలు ఆటకు పోవుచున్నారు. అక్కడకూడ పాఠమా?’ అను ఆక్షేపణ మెత్తనిది, అందుచేతనే ప్రమాదకరమైనది. పేరు చెప్పుట పాఠము కాదు. కొత్త బిడ్డను ఊయలలో వేసి పేరు పెట్టుట పాఠమా, పండుగయా? చుక్కల దుప్పిని, కణితిని, కృష్ణజింకను మూడింటిని మాన్ అనియో, డీర్ అనియో చుట్టి పారవేసిన పిల్లవాడు ఒక్క జంతువునే చూచును. మూడు పేర్లు తెలిసినవాడు మూడింటిని చూచును. దుప్పి ఒడలి చుక్కలు, కణితి దిట్టమైన కొమ్ములు, కృష్ణజింక మెలికలు తిరిగిన కొమ్ములు వాని కంటికి వేరువేరుగా ఆనును. పేరు కంటికి వెలుగు. ఆనందమును పెంచుదానిని ఆనందమునకు అడ్డమనుట వింత.

జంతువులను బంధించుటయే క్రూరము, అక్కడికి పోవుటయే తప్పు అనువారును కలరు. వారి దయను కాదనను. ఇరుకు ఇనుపబోనుల నాటి జంతుశాలకును, కందకముల నడుమ చెట్లు వదలిన వండలూరునకును భేదము కలదు. 1992లో ఏర్పడిన కేంద్ర జంతుశాలల ప్రాధికార సంస్థ వీటి తీరును పర్యవేక్షించుచున్నది. అయినను బంధము బంధమే. అందుచేతనే చూడబోవువాడు గౌరవముతో చూడవలెను. జంతుశాలలో మృగములను రెచ్చగొట్టుట, మేపుట, కేకలు వేసి బెదరించుట, చెత్త పారవేయుట వన్యప్రాణి సంరక్షణ చట్టమే నిషేధించినది. పేరు తెలిసిన జీవిపై రాయి విసరుటకు చేయి రాదు. పేరు తెలియనిదానిని తమాషాగా చూచుట సులువు. ఇందులోను మన వాదమే నిలుచుచున్నది.

ఇక పయనమును ఎట్లు యోచింపవలెనో చెప్పెదను. బయలుదేరుటకు వారము ముందునుండి రాత్రి అన్నములైన పిమ్మట ఒక కథ. కరటక దమనకుల కథ ఒకనాడు, గజేంద్రుని కథ ఒకనాడు, ఊరి చెరువుగట్టున నక్క కూసిన నాటి ముచ్చట ఒకనాడు. పిమ్మట పది పేర్లు, పది మాత్రమే, పిల్లవాడు తన చేతితో ఒక కాగితముపై తెలుగు అక్షరములతో వ్రాయవలెను. అక్షరము రానివాడు పులి అను రెండక్షరములతో మొదలుపెట్టవచ్చును. పులిహోరలో పులి లేదేమని వాడడుగును. పులుపునకును పులికిని గల భేదము చెప్పి నవ్వుకొనుడు. బయలుదేరు దినమున పెందలకడనే కదలుడు. ఎండ ముదిరిన పిమ్మట మృగములు నీడ వెదకుకొని పడుకొనును. బండికే పోవలెనను నియమము లేదు. తిరువాలంగాడులో లోకల్ రైలెక్కి మూర్ మార్కెట్ ప్రాంగణమున దిగి, వీథి దాటి పార్క్ స్టేషనులో చెంగల్పట్టు దిక్కు రైలెక్కినచో వండలూరులో దిగవచ్చును. పాత ఉయిర్ కాలేజి ఎచటనుండెనో ఆ నడుమ పిల్లలకు వ్రేలితో చూపవచ్చును. లోపల అన్ని బోనులను చుట్టివచ్చుటకు పందెము వేయవలదు. పది చోట్ల నిలుచుడు. నిలిచినచోట మొదట మౌనముగా చూడుడు. పిమ్మట తెలుగు పేరొకరు, తమిళపు పేరొకరు చెప్పుడు. ఇంతకంటె పెద్ద విద్యాప్రణాళిక అక్కరలేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది కడపట చెప్పుచున్నాను. అవ్వను ఇంట వదలకుడు. ‘ఆమె నడువలేదు, బండిలో చోటు లేదు, ఎండకు తాళలేదు’ అని ప్రతియేటను ఆమెను తలుపుకు కాపలా పెట్టి పోవుట మన యిండ్లలో వాడుకయైనది. నీళ్లడబ్బాలకును తినుబండారముల పెట్టెలకును చోటిచ్చిన బండిలో, కణితికిని మనుబోతుకును భేదమెరిగిన ఒకేయొక మనిషికి చోటు లేకపోయినది! నడువలేనివారి కొరకు జంతుశాలలో బ్యాటరీ బండ్లు తిరుగుచున్నవి. తిరుత్తణి కొండకు ఆమెను తీసికొనిపోవు మార్గము మనకు తెలియును. ఇక్కడికి తీసికొనిపోవు మార్గము తెలియకపోదు. బోను ముందు ఆమె చిన్ననాటి మాట ఒకటి తటాలున పలుకును. ఆ మాట ఏ నిఘంటువులోను లేకపోవచ్చును. మనుమడు దానిని మరల పలికినచో అది ఇంకొక అరువదేండ్లు బ్రతికినది. పలుకకున్నచో అది ఆమెతోనే పోవును.

సరిహద్దుల గీతలు ప్రభుత్వములు గీయును, చెరుపును. వాటిపై మన చేయి సాగదు. మనుమని నోట ఏ మాట నిలుచుననుట మాత్రము మన యింటి గడపలోపలి వ్యవహారము. ఈ వేసవిలో బండి మాటలాడుటకు ముందు అవ్వతో మాటలాడుడు. ఆమె రానన్న వాయిదా వేయుడు. ఆమె వత్తుననిన దినమే మంచి దినము.